పెట్రోలును చూడని పెట్రోలు మీటరు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డుకు దక్షిణాన, థేమ్స్ నది ఒడ్డున ఆబింగ్డన్ అనే చిన్న ఊరుంది. 1962 నుంచి 1980 దాకా ఆ ఊరి కర్మాగారంలో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు తయారైంది. పైకప్పు తీసి నడిపే రకం, పైకప్పున్న జీటీ రకం రెండూ కలిపి ఐదు లక్షలకు పైగా కార్లు అక్కడ తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికాకు ఓడలెక్కాయి. మన పాఠకులకు కూడా ఈ కారు మరీ పరాయిదేమీ కాదు. దాని బానెట్ కింద ఉన్నది బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ వారి బీ-సిరీస్ ఇంజను, 1798 సీసీ. అదే కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజను మన అంబాసిడర్ కారులో దశాబ్దాలపాటు పనిచేసింది. కలెక్టర్లనీ, పెళ్లికొడుకులనీ మోసిన ఇంజనుకు ఇది పెద్దన్న.

ఎంజీబీని నేటికీ ప్రేమగా నడుపుకుంటున్నవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవాటిలో పెట్రోలు మీటరు ఒకటి. ట్యాంకు నిండా పోయించినా ముల్లు సగం దాటదు. లేదంటే ట్యాంకు సగానికి వచ్చినా ముల్లు నిండుగానే నిలబడుతుంది. కొన్ని కార్లలో అసలు కదలదు. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు తోచేది డాష్‌బోర్డులోంచి ఆ డయల్ ఊడదీసి కొత్తది బిగించడం. డబ్బు పెట్టి కొత్తది తెచ్చి బిగిస్తే, అదీ పాతదాని తప్పునే చూపించడం మామూలే. కారణం, మనకు కనిపించే డయల్ ఒక వరసలో చివరి భాగం మాత్రమే. దానికి ముందు ట్యాంకులో ఒక పరికరం, దాన్నుంచి వచ్చే తీగ, బాడీ ద్వారా తిరిగివెళ్లే ఎర్త్ దారి, కరెంటును అదుపుచేసే ఒక చిన్న పెట్టె ఉన్నాయి. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా ముల్లే తప్పు చెబుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి మీటరు మార్చడం గురించి మాట్లాడాలంటే మొదట అది పెట్రోలును ఎలా కొలుస్తుందో తెలుసుకోవాలి. నిజానికి అది పెట్రోలును కొలవదు. అది కొలిచేది వేడిని.

మోటారు కార్ల తొలిరోజుల్లో ఈ బాధే లేదు. ఫోర్డ్ మోడల్-టీ కారులో ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, గీతలు పెట్టిన కర్ర ముంచి చూసుకునేవారు. మన పెట్రోలు బంకుల్లో భూమిలోపలి ట్యాంకును నేటికీ గీతల కడ్డీ ముంచి సరిచూసుకుంటారు. అంతకంటే నమ్మకమైన కొలత లేదు. పాత స్కూటర్లకూ మోటారు సైకిళ్లకూ రిజర్వు కుళాయి ఉండేది. బండి ఆగిపోతే చెయ్యి కిందికి పోనిచ్చి కుళాయి తిప్పుకోవడం ఒక తరానికి అలవాటు. కానీ ట్యాంకు వెనక డిక్కీ కిందకి వెళ్లి, మనిషి ముందు కూర్చున్నాక, ఆ కబురును మూడు నాలుగు మీటర్ల దూరం తీసుకురావాల్సిన అవసరం పడింది. ఆ పని కరెంటుకు అప్పగించారు.

ఎంజీబీలో పెట్రోలు ట్యాంకు డిక్కీ నేల కింద పల్చగా, వెడల్పుగా పడుకుని ఉంటుంది. మొదట్లో దానిలో 10 బ్రిటిష్ గ్యాలన్లు పట్టేవి, అంటే దాదాపు 45 లీటర్లు. 1965 నుంచి 12 గ్యాలన్ల ట్యాంకు వచ్చింది, అంటే 54 లీటర్ల పైచిలుకు. ఆ ట్యాంకు కుడివైపున సెండర్ అనే పరికరాన్ని బిగించారు. సన్నని కడ్డీ చివర తేలే బుడిపె, దాన్నే ఫ్లోట్ అంటారు. పెట్రోలు మట్టం పెరిగితే ఫ్లోట్ లేస్తుంది, తగ్గితే దిగుతుంది. కడ్డీ రెండో చివర ఒక చిన్న లోహపు నాలుక ఉంటుంది. అది దగ్గరదగ్గరగా చుట్టిన సన్నని నిరోధక తీగ మీద రాసుకుంటూ కదులుతుంది. నాలుక ఎక్కడ ఆనితే కరెంటు అంతవరకే ఆ తీగలో ప్రయాణించి, అక్కడినుంచి ట్యాంకు లోహంలోకీ, కారు బాడీలోకీ వెళ్లిపోతుంది. 1964 చివరి తరవాతి ఎంజీబీ సెండర్‌లో ట్యాంకు నిండినప్పుడు సుమారు 20 ఓముల నిరోధం, ఖాళీ అయినప్పుడు సుమారు 250 ఓముల నిరోధం ఉంటుంది. లీటర్లు ఓములుగా మారడం ఇక్కడే జరుగుతుంది.

ఈ మార్పిడి అంత సూటిగా ఉండదు. కడ్డీ వృత్తాకారంలో తిరుగుతుంది గనక మట్టం ఒక అంగుళం మారినప్పుడు నాలుక అన్నిచోట్లా ఒకే దూరం జరగదు. ట్యాంకు మూలలు గుండ్రంగా ఉంటాయి గనక అంగుళం లోతుకు ప్రతిచోటా ఒకే పరిమాణం పట్టదు. అందుకే నిరోధక తీగ చుట్టిన పలకను ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా చేసి ఆ వంకరను కొంత సరిచేస్తారు. పూర్తిగా సరిపోదు. డయల్ మీద సగం గీత దగ్గర ముల్లు ఉంటే ట్యాంకులో కచ్చితంగా సగం ఉందని ఏ పాత కారు యజమానీ ప్రమాణం చెయ్యలేడు.

ఇప్పుడు డయల్ దగ్గరికి వద్దాం. ఎంజీబీ డయళ్లు స్మిత్స్ కంపెనీవి. 1851లో శామ్యూల్ స్మిత్ లండన్‌లో పెట్టిన నగలు, గడియారాల దుకాణం పెరిగి పెరిగి, లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో కార్లకూ విమానాలకూ పరికరాలు చేసే పెద్ద కర్మాగారమైంది. గడియారాలు చేసిన ఇంటికి ఈ పెట్రోలు మీటరు తగిన బిడ్డే. దాని లోపలున్న ఉపాయం కూడా గడియారాల లోకంలోనే పుట్టింది.

ఇంగ్లండుకు చెందిన జాన్ హారిసన్ సముద్రం మీద రేఖాంశం కనుక్కోవడానికి పనికొచ్చే గడియారం కోసం జీవితమంతా ధారపోశాడు. వేడికి లోహం సాగుతుంది, గడియారం నడక మారుతుంది. ఈ చిక్కును విప్పడానికి 1759లో పూర్తిచేసిన తన మూడో సముద్ర గడియారంలో ఆయన ఇత్తడి, ఉక్కు పట్టీలను ఒకదానికొకటి రివెట్లతో బిగించి వాడాడు. మీటరు పొడవున్న ఇత్తడి కడ్డీని 100 డిగ్రీలు వేడిచేస్తే దాదాపు 1.9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కు కడ్డీ 1.2 మిల్లీమీటర్లే సాగుతుంది. రెండింటినీ విడదీయరాకుండా అతికిస్తే ఎక్కువ సాగే ఇత్తడికి వేరే దారి లేదు, తక్కువ సాగే ఉక్కు వైపుకు పట్టీ మొత్తం వంగాలి. ఇదే మన బళ్లో చదువుకున్న ద్విలోహ పట్టీ. తరవాత 1896లో ఫ్రాన్సులో షార్ల్ ఎద్వార్ గియోమ్ వేడికి దాదాపు సాగని ఇన్వార్ అనే ఉక్కు-నికెల్ మిశ్రమాన్ని కనుక్కున్నాడు. 1920లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒకపక్క ఇన్వార్ ఉంటే పట్టీ ఇంకా బాగా వంగుతుంది.

స్మిత్స్ డయల్ లోపల ఇలాంటి ఒక ద్విలోహ పట్టీ మీద సన్నని తీగ చుట్టి ఉంటుంది. సెండర్ గుండా పోయే కరెంటంతా ముందు ఈ తీగలోంచి పోవాలి. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ఆ వంపు ముల్లును తోస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే నిరోధం తక్కువ, కరెంటు ఎక్కువ, వేడి ఎక్కువ, ముల్లు నిండు గీత దాకా వెళ్తుంది. ట్యాంకు ఖాళీ అయితే పట్టీ చల్లబడి ముల్లు వెనక్కి పడిపోతుంది. మరి ఎండలో నిలిపిన కారు లోపల అరవై డిగ్రీల వేడి ఉంటే ముల్లు తనంతట తానే లేవదా అన్న సందేహం రావాలి. వచ్చినవాళ్లకు నా అభినందనలు, ఆ సందేహం రూపకర్తలకూ వచ్చింది. అందుకే పట్టీని ఆంగ్ల యూ అక్షరం ఆకారంలో కోశారు. తీగ చుట్టినది ఒక కాలికి మాత్రమే. బయటి వేడికి రెండు కాళ్లూ సమానంగా వంగి, ఒకదాని కదలికను మరొకటి కొట్టేస్తాయి. కరెంటు వేడి ఒక కాలికే తగులుతుంది గనక ఆ తేడా మాత్రమే ముల్లుకు చేరుతుంది. ఇరవయ్యో శతాబ్దపు కార్లలో ఇంత చవకగా, ఇంత తెలివిగా చేసిన భాగాలు ఎన్నో లేవని నా నమ్మకం.

కొంచెం లెక్క వేద్దాం. 1841లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ చూపించినట్టు తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఉదాహరణకు డయల్ తీగ నిరోధం 65 ఓములు అనుకుందాం, దానికి 10 వోల్టులు ఇస్తున్నామనుకుందాం. ట్యాంకు నిండినప్పుడు మొత్తం నిరోధం 85 ఓములు, కరెంటు 118 మిల్లీఆంపియర్లు, డయల్‌లో పుట్టే వేడి దాదాపు 0.9 వాట్లు. ఖాళీ అయినప్పుడు మొత్తం 315 ఓములు, కరెంటు 32 మిల్లీఆంపియర్లు, వేడి 0.065 వాట్లు. పద్నాలుగు రెట్ల తేడా. ఇప్పుడు ట్యాంకు బాడీకి ఆనే చోట తుప్పు పట్టి అక్కడ అదనంగా 20 ఓముల నిరోధం చేరిందనుకోండి. నిండు ట్యాంకుతో కూడా వేడి 0.59 వాట్లకు పడిపోతుంది, అంటే మూడింట ఒకవంతు మాయం. ముల్లు నిండు గీతకు చాలా కిందే ఆగిపోతుంది. డయల్‌లో ఏ లోపమూ లేదు, సెండర్‌లో ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా ఒక స్క్రూ కింది తుప్పు. పాత కార్ల పెట్రోలు మీటర్ల కథల్లో సగానికి సగం ఈ తుప్పు దగ్గరే తేలతాయని మెకానిక్కులు చెబితే నమ్మొచ్చు.

వేడితో నడిచే మీటరు నిదానంగా కదులుతుంది. తాళం తిప్పాక ముల్లు తన చోటికి చేరడానికి అర నిమిషం దాకా పట్టవచ్చు. ఇది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. స్పోర్ట్స్ కారు మలుపులో జోరుగా తిరుగుతున్నప్పుడు పక్కకు తోసే త్వరణం భూమ్యాకర్షణలో సగం ఉందనుకుంటే, ట్యాంకులో పెట్రోలు ఉపరితలం దాదాపు 27 డిగ్రీలు ఒరిగిపోతుంది. ఎడమ మలుపులో పెట్రోలంతా కుడివైపుకు, అంటే సెండర్ ఉన్నవైపుకు పోగవుతుంది. కుడి మలుపులో సెండర్ ఒడ్డున పడినట్టవుతుంది. ముల్లు ఈ ఊగిసలాటనంతా చూపిస్తే చదవడానికి వీలుండదు. పట్టీకి వేడెక్కడానికీ చల్లారడానికీ సమయం కావాలి గనక అది ఆ ఎగుడుదిగుళ్ల సగటును మాత్రమే చూపిస్తుంది. పరికరం మందకొడితనమే ఇక్కడ దాని గొప్పతనం.

అయితే వేడి మీద ఆధారపడినందుకు ఒక ఖర్చుంది. కారులో వోల్టేజి నిలకడగా ఉండదు. ఇంజను ఆపి ఉంటే 12, పరుగులో ఉంటే 14 వోల్టుల చిల్లర. 10 వోల్టులకు చేసిన డయల్‌కు 14 ఇస్తే వేడి దాదాపు రెట్టింపవుతుంది. ఇంజను వేగం పెంచినప్పుడల్లా ట్యాంకులో పెట్రోలు పెరిగినట్టు చూపించే మీటరు ఎవరికి కావాలి? అందుకని డాష్‌బోర్డు వెనక స్టెబిలైజర్ అనే అగ్గిపెట్టెకంటే చిన్న పెట్టెను పెట్టారు. దాని లోపల మళ్లీ ఒక ద్విలోహ పట్టీ, దాని చుట్టూ వేడి తీగ, చివర ఒక జత కాంటాక్టులు. కరెంటు పోతే పట్టీ వేడెక్కి వంగి కాంటాక్టులను విడదీస్తుంది. కరెంటు ఆగగానే చల్లారి మళ్లీ కలుపుతుంది. పొయ్యి మీది పాలు పొంగకుండా అమ్మ మంటను పెంచుతూ తగ్గిస్తూ ఉన్నట్టు ఈ పెట్టె రోజంతా కలుపుతూ విడదీస్తూ ఉంటుంది. బ్యాటరీ 12 వోల్టులుంటే మొత్తం కాలంలో దాదాపు 69 శాతం, 14 వోల్టులుంటే 51 శాతం మాత్రమే కరెంటు పోనిస్తుంది. దానివల్ల డయల్‌కు అందే వేడి ఎప్పుడూ నిలకడైన 10 వోల్టులు ఇచ్చినదానితో సమానంగా ఉంటుంది. కరెంటు ముక్కలుముక్కలుగా వస్తున్నా డయల్‌లోని మందకొడి పట్టీకి ఆ సంగతే తెలియదు. ఒకదాని మందకొడితనాన్ని నమ్ముకుని మరొకటి పనిచేస్తోంది.

ఈ పెట్టె మీద బీ, ఐ, ఈ అనే గుర్తులుంటాయి. బ్యాటరీ వైపు, పరికరం వైపు, ఎర్త్. పై వైపు ఏదో కూడా రాసి ఉంటుంది, ఎందుకంటే వేడి గాలి పైకి లేస్తుంది గనక పెట్టెను తలకిందులుగా బిగిస్తే లోపలి పట్టీ చల్లారే తీరు మారి కొలత తప్పుతుంది. దాని ఎర్త్ ఊడిపోతే లోపలి వేడి తీగకు కరెంటు అందదు, కాంటాక్టులు విడిపోవు, బ్యాటరీ వోల్టేజి మొత్తం డయల్‌కు పోతుంది. అప్పుడు ముల్లు నిజానికంటే ఎక్కువ చూపిస్తుంది. దారిలో పెట్రోలు అయిపోయి నిలబడిపోయేది ఎక్కువగా ఇలాంటి కార్లే.

ఈ కాలంలో లోపల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టిన స్టెబిలైజర్లు దొరుకుతున్నాయి. కదిలే భాగాలు లేవు, మంచివే. ఒక్క జాగ్రత్త కావాలి. తొలి ఎంజీబీలలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. 1967 చివరలో వచ్చిన మార్పుతో మైనస్‌ను బాడీకి కలపడం మొదలైంది. వేడి తీగకు కరెంటు ఎటునుంచి ఎటు పోయినా ఒకటే, కరెంటు వర్గానికి ప్లస్ మైనస్ లేవు. అందువల్ల పాత డయల్, పాత స్టెబిలైజర్ రెండూ దేనికైనా సరిపోతాయి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మాత్రం దిక్కు తప్పితే పనిచెయ్యదు, పాడైపోవచ్చు కూడా. మీ కారు ఏ రకమో బ్యాటరీ కొసలు చూసి తేల్చుకున్నాకే కొనండి.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది, మీటరు మార్చేవాళ్లు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. 1962 నుంచి 1964 దాకా వచ్చిన ఎంజీబీలలో ఉన్నది వేడితో నడిచే డయల్ కాదు. అది అయస్కాంతపు రకం. రెండు తీగచుట్టలు ఒక కోణంలో ఎదురెదురుగా ఉండి, మధ్యనున్న చిన్న ఇనుప ముక్కను చెరొకవైపు లాగుతాయి. ముల్లు ఏ చుట్ట బలం ఎక్కువైతే అటు ఒరుగుతుంది. బ్యాటరీ వోల్టేజి పెరిగితే రెండు చుట్టల బలమూ ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది, నిష్పత్తి మారదు, ముల్లు కదలదు. అందువల్ల దానికి స్టెబిలైజర్ అవసరమే లేదు. అయితే వేడి రకానికున్న నిదానం దానికి లేదు. తాళం తిప్పగానే ముల్లు దూకుతుంది, మలుపుల్లో ఊగుతుంది. ఆ రకానికి సెండర్ నిరోధాలు కూడా వేరు, నడక కూడా తిరగబడి ఉంటుంది. సెండర్ తీగ తెగితే అయస్కాంతపు డయల్ నిండుగా చూపిస్తుంది, వేడి డయల్ ఖాళీగా చూపిస్తుంది. కాబట్టి పాత కారులోని అయస్కాంతపు డయల్ తీసి దాని చోట పరిమాణంలో సరిగ్గా సరిపోయే, ముఖం కూడా అచ్చం అలాగే ఉండే వేడి డయల్ పెడితే అది జీవితాంతం అబద్ధమే చెబుతుంది. డయల్, సెండర్ ఒక జత. ఒకదాన్ని మార్చేటప్పుడు రెండోది ఏదో తెలిసి తీరాలి.

ఈ జతల విషయంలో ప్రపంచానికి ఒక్క ప్రమాణం లేదు. జనరల్ మోటార్స్ కార్లలో చాలాకాలం ఖాళీకి 0, నిండుకు 90 ఓములు. జర్మనీ వీడీఓ కంపెనీ పరికరాల్లో ఖాళీకి 10, నిండుకు 180. అమెరికాలో మార్కెట్లో విడిగా దొరికే చాలా మీటర్లకు ఖాళీకి 240, నిండుకు 33. అందమైన కొత్త డయల్ అంగడిలో కనబడిందని కొనేముందు దాని వెనక రాసిన ఈ రెండంకెలు చూడాలి. మీ సెండర్‌తో అవి కలవకపోతే ముఖం ఎంత బాగున్నా వద్దు.

ఇక అసలు పని. డయల్ ఊడదియ్యడానికి ముందు చెయ్యాల్సిన పరీక్షకు ఒక మల్టీమీటరు, రెండు మూడు రెసిస్టర్లు చాలు. ట్యాంకు దగ్గర సెండర్‌కు వచ్చే తీగ ఆకుపచ్చ మీద నల్ల చార ఉన్నది. దాన్ని ఊడదీసి దూరంగా పెట్టి తాళం తిప్పితే వేడి డయల్ ముల్లు ఖాళీ దగ్గరే ఉండాలి. ఆ తీగ కొసకూ బాడీ లోహానికీ మధ్య 20 ఓముల రెసిస్టర్ కలిపితే ముల్లు నెమ్మదిగా లేచి నిండు దగ్గర ఆగాలి. 250 ఓములు కలిపితే ఖాళీ గీత దగ్గర ఉండాలి. రెండుచోట్లా సరిగ్గా ఆగితే డయల్, స్టెబిలైజర్, తీగ అన్నీ బాగున్నట్టే, లోపం సెండర్‌లోనో ఎర్త్‌లోనో ఉంది. రెండుచోట్లా ఎక్కువ చూపిస్తే స్టెబిలైజర్‌ను అనుమానించాలి. ముల్లు అసలు లేవకపోతే ఫ్యూజు, తాళం నుంచి వచ్చే ఆకుపచ్చ తీగ, స్టెబిలైజర్ అన్నీ చూశాకే డయల్ వంతు. రెసిస్టర్ లేకుండా తీగను నేరుగా బాడీకి ఆనించే అలవాటు చాలామందికి ఉంది. క్షణకాలమైతే ఫరవాలేదు, ముల్లు కదిలిందో లేదో తెలుస్తుంది. అలాగే వదిలేస్తే మాత్రం పట్టీ మితిమీరి వేడెక్కి వంపు శాశ్వతంగా మారిపోవచ్చు. ఈ పనంతా తీగ కొసతో, ట్యాంకు మూతికి దూరంగా చెయ్యాలి.

డయలే పాడైందని తేలితే దాన్ని మార్చడం అంత కష్టమేమీ కాదు, చెయ్యి పట్టే చోటు ఇరుకు, అంతే. ముందు బ్యాటరీ కొస ఊడదియ్యాలి. డాష్‌బోర్డు వెనక ఎన్నో తీగల కొసలు తొడుగు లేకుండా ఉంటాయి, స్పానర్ జారితే నిప్పురవ్వలు లేస్తాయి. డయల్ వ్యాసం రెండంగుళాలు, దాన్ని వెనకనుంచి ఒక లోహపు బిగింపు, వేళ్లతో తిప్పే నట్లు పట్టుకుని ఉంటాయి. బల్బు గూడు లాగేస్తే వస్తుంది. తీగలు ఊడదీసేముందు ఫోన్‌తో ఒక బొమ్మ తీసుకోండి. కొత్తది బిగించాక వెంటనే సంతోషపడకుండా అదే 20, 250 ఓముల పరీక్ష మళ్లీ చెయ్యాలి. స్మిత్స్ వేడి డయళ్ల వెనక కార్కు బిరడాలతో మూసిన రెండు రంధ్రాలుంటాయి. బిరడాలు తీస్తే లోపల సన్నని స్క్రూడ్రైవర్‌తో జరపగలిగే పళ్ల ముక్కలు కనిపిస్తాయి. ఒకదానితో ఖాళీ గీతను, రెండోదానితో నిండు గీతను సరిచేయవచ్చు. ఒకదాన్ని కదిపితే రెండోది కాస్త చెదురుతుంది, కాబట్టి అటూ ఇటూ మార్చిమార్చి కుదర్చాలి. ప్రతిసారీ ముల్లు స్థిరపడేదాకా ఆగాలి. ఓపిక లేనివాళ్లు ఈ పని మొదలుపెట్టకపోవడం మంచిది.

ఈ రంధ్రాల సంగతి తెలిశాక నా అభిప్రాయం గట్టిపడింది. కారుతో పుట్టిన డయల్‌లో తీగ తెగకుండా ఉంటే దాన్ని మార్చకండి, సరిచేయించుకోండి. కొత్త నకళ్లలో అంకెల అచ్చు, ముల్లు రంగు, గాజు అంచు ఏదో ఒకటి పక్క డయల్‌తో కలవదు. పాతదాంట్లో నిజంగా చెడేది చాలా తక్కువ.

సెండర్ మార్చాలంటే జాగ్రత్త పదింతలు కావాలి. పెట్రోలు ఆవిరి సున్నాకు నలభై డిగ్రీల కింద కూడా అంటుకోగలదు. గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు గనక నేల మీద పాకి, షెడ్డులోని గుంటలో చేరి నిలుస్తుంది. గాలిలో దాని వాటా 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చిన్న రవ్వ చాలు. మరి సెండర్‌కు ట్యాంకు లోపలే కరెంటు ఇస్తున్నారు కదా, అది పేలదా? మామూలు వాతావరణంలో, లోపల పెట్రోలు ఉన్న ట్యాంకులో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే దహనానికి చాలినంత గాలి దొరకదు. పైగా సెండర్‌లో పారేది ఆంపియరులో పదో వంతు. ఇక్కడొక తలకిందుల నిజం ఉంది. నిండు ట్యాంకుకంటే పెట్రోలు తోడేసి ఆవిరి కొంత మిగిలిన ట్యాంకు ప్రమాదకరం, గాలి చేరి ఆవిరి సరిగ్గా మండే పాళ్లకు వస్తుంది. అలాంటి ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

సెండర్‌ను పట్టి ఉంచే వలయాన్ని తిప్పి ఊడదియ్యాలి. ఉక్కు ఉలితో కొడితే రవ్వ లేస్తుంది, ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా తట్టాలి. సెండర్ పక్కవైపున ఉంది గనక పెట్రోలు మట్టం దానికంటే కిందికి తగ్గించుకోవాలి, కారు కుడివైపును కాస్త ఎత్తితే ఇంకా మేలు. ఎత్తినప్పుడు జాక్‌ను నమ్ముకోకుండా స్టాండు పెట్టాలి. పని ఆరుబయట జరగాలి. బయటికి తీసిన సెండర్ ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే అతుకు కారి పెట్రోలు చేరిందని అర్థం, అది మునిగిపోయి ఎప్పుడూ ఖాళీనే చూపిస్తుంది. ఫ్లోట్ బాగుంటే కడ్డీని నెమ్మదిగా ఎత్తుతూ మల్టీమీటరులో ఓములు చూడండి. అంకె సాఫీగా మారాలి. మధ్యలో ఎక్కడైనా తెగినట్టు చూపిస్తే నిరోధక తీగ అక్కడ అరిగిపోయింది. ముల్లు రోజూ ఒకేచోట హఠాత్తుగా పడిపోయి కాసేపటికి మళ్లీ లేస్తుంటే కారణం ఇదే.

తిరిగి బిగించేటప్పుడు రబ్బరు సీలు కొత్తది వెయ్యాలి, ఇథనాల్‌కు తట్టుకునేది వెయ్యాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. మన దేశంలో అది 20 శాతానికి చేరింది. అరవైల నాటి రబ్బర్లూ కొన్ని ప్లాస్టిక్కులూ దానికి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది గనక నెలల తరబడి కదలకుండా ఉండే కారు ట్యాంకుకు లోపలినుంచే తుప్పు పడుతుంది. మన దగ్గర పాత అంబాసిడర్, పద్మిని కార్లను బతికించుకుంటున్నవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

అంతా బిగించాక ఒక చివరి పని మిగిలి ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. ట్యాంకులో పెట్రోలు బాగా తగ్గినప్పుడు కారును సమతలమైన చోట నిలిపి, ఐదేసి లీటర్ల చొప్పున కొలిచి పోస్తూ, ప్రతిసారీ ముల్లు స్థిరపడ్డాక దాని చోటును కాగితం మీద గుర్తుపెట్టుకోండి. ఎంజీబీలో పెట్రోలు తగ్గిందని హెచ్చరించే దీపం లేదు. వెనకనున్న ఎస్‌యూ పెట్రోలు పంపు గాలి పీలుస్తూ టకటకమని వేగంగా కొట్టుకోవడమే ఆఖరి హెచ్చరిక, అప్పటికే ఆలస్యమైపోతుంది. ముల్లు ఖాళీ గీతను తాకినప్పుడు మీ ట్యాంకులో ఇంకా ఎన్ని లీటర్లు మిగిలి ఉంటాయో ఏ పుస్తకమూ చెప్పలేదు, అది ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది. ఆ అంకెను మీరే కొలిచి, కాగితాన్ని కారు కాగితాలతోపాటు దాచుకోండి.